ముప్పై నాలుగో గూడు

నలభై అయిదు సెంటీమీటర్ల లోతున
ఇసుకకి జ్వరం చూడటం నా ఉద్యోగం.
వేకువన ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి,
రాత్రి పదకొండుకి ఇంకోసారి.
ఈ ఉదయం ముప్పై రెండు పాయింట్ ఆరు.
పెన్సిల్‌తో రాశాను.
పెన్ను రాతలు నీలాంకరై ఉప్పుగాలికి అలుక్కుపోతాయి.

"ముప్పై రెండు దాటితే అన్నీ ఆడపిల్లలే,"
అంటుంది ఉమయాళ్ మేడమ్,
పప్పులో ఉప్పు ఎక్కువైందన్నంత మామూలుగా.
తాబేలు గుడ్డులో ఆడా మగా ముందే రాసిపెట్టి ఉండదు.
వేడి రాస్తుంది.
ఇసుక కాస్త చల్లగా ఉంటే మగ,
కాస్త వెచ్చబడితే ఆడ,
ఇంకా వేడెక్కితే
ఏదీ కాదు,
గుడ్డు గుడ్డుగానే ఉడికిపోతుంది.

మాది కాశిమేడు.
ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం,
సముద్రంతో మాత్రం రెండూ కాని ఒక కేక.
మా తాత తిరుపాలు ఈ గుడ్లే గంపకెత్తి అమ్మేవాడు.
అణాకి ఆరు. మాఘంలో అయితే ఎనిమిది.
వెదురుపుల్ల ఇసుకలో గుచ్చి,
కొసని వేళ్ళతో తడిమి,
జిగురు తగిలితే అక్కడే తవ్వేవాడట.
నేనూ పుల్ల గుచ్చుతాను.
నా పుల్ల చివర థర్మామీటరుంది,
అంతే తేడా, అని అమ్మ నవ్వుతుంది.
తాత ఉంటే నవ్వేవాడో లేదో.

నిన్న కంపెనీ ఆయన వచ్చాడు,
ఈ తడికెల పాకకి డబ్బిచ్చిన కంపెనీ.
తెల్ల బూట్లు. ఇసుక పోకుండా మునివేళ్ళ మీద నడిచాడు.
"ఒక తాబేలు విలువ ఎంతని వేసుకోవచ్చు?"
రిపోర్టులో ఆ గడి ఒక్కటే ఖాళీగా ఉందట.
మేడమ్ జెల్లీచేపల గురించి చెప్పింది,
పీతల గురించి, వలలో పడే చేపల గురించి,
గొంతు ఆరిపోయేదాకా చెప్పింది.
"సరే, అంకె?" అన్నాడు.
నా నాలుక చివరిదాకా వచ్చింది:
అణాకి ఆరు సార్. మాఘంలో ఎనిమిది.
ధర తెలిసినన్నాళ్ళూ
మా గంపలో ఒక్కటీ మిగల్లేదు.

అనలేదు. బిందె ఎత్తుకుని
పైకప్పు తాటాకుల మీద నీళ్ళు చిలకరిస్తూ ఉండిపోయాను.
ఎండాకాలం ఇంకా రాలేదంటుంది క్యాలెండరు.
అది నీడలో వేలాడుతుంది, దానికేం తెలుసు.

రాత్రి కాపలా ఏలుమలై అన్నది.
మర పడవల వలల్లో ఊపిరాడక
ఒడ్డుకు కొట్టుకొచ్చిన తల్లుల్ని
జనవరంతా పూడ్చింది ఆయనే.
ఎన్ని అన్నా, అంటే
అరచేతులు తిప్పి చూపిస్తాడు.
పార కాయలు కాచిన చేతులు.

రెండు దాటాక ముప్పై నాలుగో గూడు కదిలింది.
ముందు ఇసుక మధ్యలో చిన్న గుంట,
లోపల ఎవరో ఊపిరి పీల్చినట్టు.
తర్వాత ఒక ముక్కు.
తర్వాత ఒకదాని వీపు మీద ఒకటి,
ఈత రానివాళ్ళు నీళ్ళలో కొట్టుకున్నట్టు రెక్కలాడిస్తూ.
నూట తొమ్మిది గుడ్లు. ఎనభై మూడు పిల్లలు.
ఆడో మగో చేత పట్టుకుని చెప్పలేం,
చచ్చినదాన్ని కోస్తేనే తెలుస్తుంది.
బతికినవన్నీ
మా పుస్తకంలో అనుమానాలే.
ఆడవైతే పదిహేనేళ్ళకో ఎప్పటికో
ఈ తీరాన్నే వెతుక్కుంటూ వస్తాయంటారు.
అప్పటికి నడిసముద్రంలో వాటికి జోడు దొరుకుతుందా,
దిగడానికి ఇసుకంటూ మిగులుతుందా,
ఆ గళ్ళు ఎవరూ గీయలేదు.

తడి ఇసుక మీద వదిలితే
సగం వెనక్కి తిరిగాయి.
ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద హోటల్ దీపాలు,
వాటి కళ్ళకి అదే సముద్రం.
ఏలుమలై అన్న లుంగీ ఎగగట్టి
మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి
టార్చి ఊపుతూ పిలిచాడు,
"వా కణ్ణూ, వా వా."

దారి తప్పిన ఒకటి
నా పాదం మీదికి ఎక్కి, అటు దిగింది.
బరువే లేదు. చల్లగా ఉంది.
ఎన్ని డిగ్రీలో
చూడటం మర్చిపోయాను.