పూ

కల్మండపం సందులో ఫ్లెక్సులేసే కుర్రాడు
మౌసు మీద చెయ్యి ఆపి అడిగాడు:
"చైనీసా అక్కా, ఇంగ్లీషా?
డ్రాగన్ పెట్టనా, ఫోర్కు పెట్టనా?"

ఆ చాప్ మేం ఆదివారాలే చేస్తాం.
కోడితొడలో ఎముక లాగేసి, కత్తి వీపుతో కొట్టి,
ఉప్పు బిస్కెట్ల పొడి అద్ది వేయిస్తాం.
పైన ఉల్లిపాయల నల్ల పులుసు, గుప్పెడు బఠానీ.
హార్బరు కూలీలు దాన్ని పరోటాతో తింటారు.
ఏ దేశందని ఇన్నేళ్ళలో ఒక్కడూ అడగలేదు.

మా తాత పైడన్న
ఈపోలో రబ్బరు దొర బంగళాలో గిన్నెలు తోమేవాడు.
వంటింటికి రాజు ఫూ మేస్త్రీ, హైనాన్ దీవి మనిషి.
ముందొచ్చిన చీనావాళ్ళు
గనులూ దుకాణాలూ పంచేసుకున్నాక
వెనకాల ఓడ దిగినవాళ్ళకి
దొరల పొయ్యిలే మిగిలాయట.

దొరసాని చెప్పేది.
ఆయన తలూపేవాడు, ఇంకోటి చేసేవాడు.
రొట్టెపొడి లేదంటే బిస్కెట్టు, రంగు చాలదంటే సోయా.
పొద్దుపోయాక మాత్రం తన కోసం
కోడిని ఊరికే ఉడకబెట్టి
ఆ నీళ్ళలోనే అన్నం వండి, అల్లం నూరి,
తాత వైపు ఒక పళ్ళెం నెట్టేవాడు.
మాటల్లేవు. ఇద్దరికీ కలిసిన భాష
వచ్చీరాని మలాయి, అదీ తిట్లే ఎక్కువ.

యుద్ధం రోజులు. సీమ సరుకు ఆగిపోయింది.
దొరకి నల్ల సాసు లేనిదే ముద్ద దిగదు.
సీసా అడుగున మిగిలిన చుక్కని
ఫూ మేస్త్రీ తాత నాలుక మీద వేశాడు:
చెప్పు, ఏటుంది ఇందులో?

తాత కళ్ళు మూసుకున్నాడు.
తెరిచేసరికి నవ్వొచ్చేసింది.
చింతపండు!
దాని వెనక, సిగ్గుపడుతూ, నెత్తళ్ళ వాసన.

ఏ రేవులో ఓడెక్కిందో,
సీమలో సీసాకెక్కి, కాగితం చొక్కా తొడుక్కుని
మలాయా వచ్చింది మన పులుపు.
తాత తన పెట్టె తెరిచాడు.
వాళ్ళమ్మ ఉప్పేసి దంచిచ్చిన చింతపండు ముద్ద,
రాయిలా గట్టిపడింది.
ఎండు నెత్తళ్ళు, బెల్లం, చీనా సోయా.
మూడు పొంగులు రానిచ్చారు.

దొర ఆ రాత్రి ప్లేటు తుడిచేసి
"ఇంటి రుచి" అన్నాడట.
వంటింట్లో ఇద్దరు మనుషులు
నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వారట.

జపానువాళ్ళు వచ్చిన వారంలోనే
ఫూ మేస్త్రీ ఎటు పోయాడో తెలీదు.
వెడల్పాటి కత్తి మాత్రం తాతతో మద్రాసు చేరింది.
పిడి రెండుసార్లు మార్చాం.

"ఏ బొమ్మా వద్దు తమ్ముడూ,
ఫూ మేస్త్రీ చాప్ అని రాయి."
తమిళంలో ఆ అక్షరం ఎక్కడని వెతికాడు.
దొరకలేదు. "పూ" అని కొట్టాడు.
అందంగా ఉంటుందని, అడక్కుండానే,
పక్కన మల్లెమొగ్గలు అతికించాడు.

ఆరడుగుల ఫ్లెక్సు, నాలుగొందల ఎనభై.
ఉండనీలే అన్నాను.