ముప్పై ఒకటో నిమిషం

నువాక్షోత్‌లో ఇసుక
తలుపు కింద నుంచి వస్తుంది,
పిలవని చుట్టంలా.
కీబోర్డు మీద ఓసారి ఊది
ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాను.

నా పని చిన్నది.
మెస్సౌదా చెప్పింది చెప్పినట్టు
కాగితం మీదికి ఎక్కించడం.
మెస్సౌదా అంటే అదృష్టవంతురాలు.
ఆ పేరు పెట్టినవాళ్లే ఆమెను
మేకల లెక్కలో కలిపి రాసుకున్నారు.

ఫారంలో దేశం ముందే అచ్చయి ఉంది: మౌరిటానియా.
దాని కింద గడి, పుట్టిన తేదీ.
రెండో నిమిషంలో ఆమె నవ్వుతుంది.
"ఎర్ర ఒంటె ఈనిన ఏడు, అనేది మా అమ్మ.
ఒంటె వయసు వాళ్లకి బాగా తెలుసు.
పోయి అడుగు."
గడి ఖాళీగా వదిలేశాను.

తొమ్మిదో నిమిషంలో దబ్‌దబ్‌మని చప్పుడు.
సజ్జలు దంచడం కాదది.
రోకలి ఎలా పడేదో
తన రొమ్ము మీద గుద్దుకుని చూపిస్తోంది.
చీకటితో లేచేదాన్ని,
చీకటి పడ్డాక కూర్చునేదాన్ని,
మధ్యలో ఉన్నదాన్ని పగలంటారని
ఎవరో అంటే విన్నాను, అంటుంది.

"చట్టం వచ్చిందని రేడియో చెప్పిందట.
రేడియో గుడారంలో ఉంది.
నేను బావి దగ్గర ఉన్నాను.
గుడారం నుంచి బావి దాకా
ఆ మాట నడిచి రావడానికి
పంతొమ్మిదేళ్లు పట్టింది."

కూతురి సంగతి అడిగితే
టీ పోస్తున్న చప్పుడు.
ఎత్తు నుంచి గ్లాసులోకి, గ్లాసు నుంచి కెటిల్‌లోకి,
మళ్లీ గ్లాసులోకి.
నాలుగు నిమిషాలు.
దీన్ని ఏమని టైపు చెయ్యను?
నురగ, అని రాశాను. కొట్టేశాను.
తరవాత ఒక పేరు: తిస్లిమ్.
యజమాని కూతురి పెళ్లిలో
దుప్పటితో పాటు ఇచ్చేశారు.
"దుప్పట్లు రెండు," అని
తనే సరిదిద్దుకుంటుంది.

ముప్పై ఒకటో నిమిషం.
"గుడారంలో నా ఈడు పిల్ల ఉండేది.
పెళ్లి కావాలంటే ఒళ్లుండాలి కదా,
తెల్లారకముందే తాగించేవాళ్లు.
పాలు మోసుకెళ్లడం నా వంతు.
కొయ్య గిన్నె, నా తలకాయంత.
తాగనంటే కాలివేళ్ల మధ్య పుల్లలు పెట్టి నొక్కేవాళ్లు.
అది ఏడుస్తూ తాగేది, తాగి కక్కేది.
ఒలికిన పాలు నేను చాప మీంచి నాకేదాన్ని.
కడుపు నిండి దానికి ఏడుపు.
నిండక నాకు.
ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.
ఒకరోజు పుల్ల గట్టిగా బిగించారు.
ఎడమ కాలి చిటికెన వేలు పుటుక్కుమంది,
వంకరగానే అతుక్కుంది.
ఉందో పోయిందో.
ఉంటే అడగాలి,
ఆ వేలు ఇంకా సలుపుతోందా అని."

రికార్డింగు ఆపాను.

పక్క గదిలో మా అమ్మమ్మ,
శుక్రవారం కదా,
నూనె గిన్నె ముందు పెట్టుకుని
ఎడమ పాదం ఒళ్లోకి తీసుకుంటోంది.
చిన్నప్పుడు ఆ వంకర వేలితో ఆడుకునేదాన్ని.
ఒంటె తొక్కింది, అనేది.
ఏ ఒంటె అని
నేనెప్పుడూ అడగలేదు.

మాట వినపడకపోతే
'అస్పష్టం' అని రాయాలని మా నియమం.
కర్సరు ఆ వాక్యం దగ్గర కొట్టుకుంటోంది.
ఆ ఒక్క మాటా నా వేళ్ల కింద సిద్ధంగా ఉంది.
మెస్సౌదా గొంతు మాత్రం
కడిగిన గ్లాసులా ఉంది.

వెనక్కి జరిపాను.
విన్నాను.
మళ్లీ జరిపాను.
ఈసారి ఇయర్‌ఫోన్ల తీగ పీకేశాను.
ఎందుకో అడగొద్దు, నాకూ తెలీదు.

గదంతా పాలు, పుల్లలు, చాప.
పక్క గదిలో
నూనె రాసే చెయ్యి ఆగింది.

చాలాసేపటికి,
ఎవరది అని కూడా అడక్కుండా,
"గిన్నె కొయ్యది కాదు," అంది అమ్మమ్మ,
"సొరబుర్రది."

టైపు చేశాను.
ఎవరి పేరు కింద పెట్టాలో తెలియక
ఇసుక ఊదుకుంటూ
కూర్చున్నాను.