గడ

సినిమాల నాయినలు లైట్ల కింద నిలబడి
ఒక్క మాటంటె హాలంత ఈలలు.
మా బాపుకు ఉన్నయే నాలుగు మాటలు, అన్నీ పడవయే.
జరుగు. వంగు. తడువకు.
నాలుగోది తర్వాత చెప్త.

ప్రాణహిత మీద వంతెన పడ్డ ఏడు
సిరొంచ రేవుల మా పడవ బోర్ల పడుకున్నది.
గడ ఒక్కటే ఇంటికొచ్చింది.
పన్నెండడుగుల వెదురు, పట్టిన కాడ నున్నగ.
అమ్మ దాని మీద బట్టలారేసింది.

బడిల ధోటే సార్ మరాఠీల అడిగిండు,
"బాంబూ ఉడీకి ఎవరున్నరు?"
ఎవ్వలూ చెయ్యెత్తలే.
"మా ఇంట్ల గడ ఉన్నది సార్" అన్న.
గంతే నా అర్హత.

బాపు రైస్ మిల్లుల ఊక అడిగి
ఏడు బస్తాలు నింపి ఇసుకల పరిచిండు.
ఉరికొచ్చి గడ నాటిన. అది ఆగింది, నేను వేలాడిన
గోడకు అంగీలెక్క.
"గడను నూకకు బిడ్డా, నేలను నూకు.
గడ ఊకె నడుమ ఉంటది."
పుట్టినంక నాతోని అన్న పొడుగు మాట అదే.

గడ్చిరోలికి ఎర్ర బస్సుల ఆరు గంటలు.
పైన కట్టిన గడకు టికెట్ తియ్యమన్నడు కండక్టర్.
"కాళేశ్వరం జాతరకు పడవెక్కితివి గదా,
నీ సైకిల్‌కు పైసలడిగిన్నా?"
బస్సంత నవ్వింది. కండక్టర్ గూడ.

మైకుల పిలిచిండ్రు: "స్వరూప పోచం గోదారి!"
మా దిక్కు బిడ్డ పేరుకు నడుమ తండ్రి పేరుంటది.
తననే పిలిచిండ్రనుకొని
బాపు లేచి నిలబడ్డడు, తువ్వాల సదురుకుంట.

రెండు మీటర్ల నలభై.
రెండు సార్లు గడను పట్టుకునే
అడ్డకట్టెతోని కలిసి కింద పడ్డ.
మూడోసారికి ముందు తాడు కాడికొచ్చిండు.
"బురదల గడ ఇరికితె?"
నేను సప్పుడు చెయ్యలే.
"పట్టుకునే ఉన్నవనుకో, పడవ పోతది,
నువ్వు గడ మీద ఉంటవ్, కొంగలెక్క."
నవ్వొచ్చింది, ఏడుపొచ్చేటప్పుడు.
"ఇడువు" అన్నడు.

కట్టె ఊగింది. శానసేపు ఊగింది.
పడలే.

తెల్లారి పేపర్ల రాసిండ్రు,
"ఆకాశాన్ని అందుకో తల్లీ" అని తండ్రి అన్నడట.
చదివి చెప్తె బాపు బీడీ పక్కకు పెట్టిండు.
"ఆకాశం సంగతి నాకేమెరుక?
నేను అడుగు సంగతి చెప్పిన."

జూన్‌ల నాగ్‌పూర్ హాస్టల్.
"ఇక్కడ ఫైబర్‌వి ఉన్నయి, ఈ కట్టె వాపస్ తీస్కపో" అన్నరు.
గడ ఒక చేతిల, నా సంచి ఒక చేతిల,
గేటు కాడ నిలబడ్డడు బాపు.
సంచి గుంజిన. రాలే.
మళ్ల గుంజిన.
వాచ్‌మన్ చూస్తున్నడు, వాన షురువైతున్నది,
బాపు ఎటో చూస్తున్నడు, రోడ్డు అవతల ఏదో రేవు ఉన్నట్టు.
ఆ నాలుగో మాట
నేనే అనవలసొచ్చింది.

అమ్మ ఫోన్‌ల చెప్పింది,
తిరుగు బస్సుల కండక్టర్ అడగకముందే
గడకు టికెట్ తీసిండట.