పదిలో నాలుగు

ప్రసీదమ్మ రెండు వేళ్లు లేపింది.
తల తిప్పొద్దు, కండ్లు మాత్రమే, అన్నది
మలయాళం కలిసిన హిందీల.
ఎడమకు, కుడికి. మళ్ల ఎడమకు.
నాకు నవ్వొచ్చింది,
దిష్టి తీస్తున్నదా ఏందని.
ఉప్పు లేదు, మిరపకాయ లేదు.
మనామా, గుదేబియా గల్లీల రెండో అంతస్తు,
గోడకు ఏసీ, ఏసీ కింద బకెట్,
బకెట్ల చుక్క, చుక్క.

గా దినం యాదికి తెచ్చుకో, అన్నది.
తెచ్చుకునుడేంది,
అది పోతే గదా.

సిత్రాల తొమ్మిదో అంతస్తు పరంజా.
గంగరాజం నా దిక్కు తిరిగి ఏదో అంటున్నడు.
ముందు పైపు మోగింది,
తర్వాత పలక జారింది.
పసుపు హెల్మెట్ ఇంకా గాలిలనే ఉన్నది,
మనిషి లేడు.

పదకొండు నెల్లాయె, గా హెల్మెట్ కింద పడలే.
క్యాంపుల ఎవని చెంచా జారినా
మంచం పట్టె గట్టిగ పట్టుకుంట.
పై మంచం మీది బిహారీ
ఏమైందని అడుగుడు బందు చేసిండు.

పదికి ఎంత బరువున్నది, అని అడిగింది.
పది అన్న.
పన్నెండు అందామనుకున్న, లెక్కల లేదు.

వేళ్లు ఆడుతున్నయ్.
మా నాయిన మగ్గం గుంటల కూసుంటే
నాడె గిట్లనే ఉరికేది
ఈ కొస నుంచి ఆ కొసకు.
నేను గట్టు మీద పండి
సూసుకుంట సూసుకుంట నిద్రపోయేటోన్ని.
సిరిసిల్లకు సాంచెలొచ్చినంక
నాడె అటకెక్కింది,
నేను ఇమానమెక్కిన.

చెయ్యి ఆగింది.
ఇప్పుడేం వచ్చింది?
చెప్పెటందుకు సిగ్గైంది.
గంగరాజం నాకు అయిదు దీనార్లు బాకీ.
గా పొద్దు నా దిక్కు తిరిగి అన్నది గదే,
"జీతం పడంగనే ఇస్తనే" అని.
పదకొండు నెల్ల సంది నోరు కదులుడే సూసిన,
మాట ఇయ్యాలే ఇనవడ్డది.

ఏడ్చిన.
ఆమె వద్దనలే. టిష్యూ డబ్బా ఇటు జరిపి
మళ్ల రెండు వేళ్లు లేపింది.

ఆరు శుక్రవారాలు,
సిత్రా బస్సు, మూడు వందల ఫిల్సులు.
హెల్మెట్ వారానికింత దిగుకుంట వచ్చి
మొన్న నేలకు ఆనింది.
పెద్ద సప్పుడేం కాలే.

ఇప్పుడెంత అంటే నాలుగు అన్న.
సున్న కావాల్నా మేడం?
నీకు కావాల్నా, అని నన్నే అడిగింది.

తెగిన పోగును నాయిన
ఉమ్మి తడి అంటించి ముడేసేటోడు.
చీర కట్టినోళ్లకు కనపడదు గని
వేలు పెట్టి తడిమితే తాకుతది.
నాలుగు ఉండనీ, అన్న.

రాత్రి క్యాంపుల గిన్నె పడ్డది.
ఎవనిదో అని లేసి పోయి సూసిన.
నాదే.