నేర్చుకునే కాలం

టెక్సస్ కొసన రొయ్యల పడవ నడిపే రెఫూహియో
వలను చీల్చిన నల్లటి పెంకుని
పాత పేపర్లో చుట్టి తెచ్చాడు.
యులాలియా తూచింది, రాసుకుంది:
మూడు వందల పది గ్రాములు. ఒక అంచు కాలింది.

బల్ల మీద రాకెట్ లైసెన్సు కాగితం
పదకొండు రోజులుగా ఆమె సంతకం కోసం
నోరు తెరుచుకునే ఉంది.
పొద్దున సెనేటర్ ఆఫీసు నుంచి ఫోను:
"ఒక్క వాల్వు కోసం దేశాన్ని ఆపుతారా?"
భోజనాల వేళ ఇంకో సెనేటర్:
"ఇంకా ఆపలేదేం?"
ఇద్దరూ వాల్వు పేరు తప్పే పలికారు.

చట్టం ఆమె చేతికి కిందివాళ్ళనే ఇచ్చింది,
పడవల్ని, పైకప్పుల్ని, బడి బస్సుని.
లోపల బెల్టు బిగించుకునేవాళ్ళ గురించి
అడిగే హక్కు లేదు.
ప్రమాదమని తెలుసంటూ వాళ్ళే రాసిచ్చారుగా!
పరిశ్రమ ఇంకా నేర్చుకుంటోందట.
ఇరవై ఏళ్ళుగా అదే తరగతి.

"ఎక్కడ పడింది?" అంది, మ్యాప్ పరిచి.
అతను వేలు పెట్టబోయి
ఆ వేలు లేదని గుర్తొచ్చి, పక్క వేలు పెట్టాడు.

ఆమె చూపు అక్కడే ఆగడం చూసి
నవ్వాడు:
"వల లాగే రాట్నం మింగేసింది.
దానికి మూత
ఆ మర్నాడు బిగించారు."