ఒలుపు

యంత్రం తన పని తాను చేసేసింది.
పదకొండు గంటలు, పన్నెండు వందల కాగితాలు,
జిగురు మీద వేడి రోలరు,
పొర పొరకూ ఒక సన్నటి నిప్పుగీత.
ఇప్పుడు బల్ల మీద ఉన్నది
ఒక దిమ్మ.
రొట్టె రంగులో, ఇంకా గోరువెచ్చగా,
కాలిన అట్టపెట్టె వాసనతో.
లోపలెక్కడో పంపు తొడుగు ఉందట.
ఉందని నమ్మాలి.

బ్రెషియాలో, పోత కార్ఖానాల వెనక సందులో
మా అచ్చుల షాపు.
నలభై ఏళ్ళు చెక్కతో అచ్చులు తీసిన ఎర్మెతే
ఈ కాగితం దిమ్మకి ముక్కు చిట్లించాడు,
తన ఉలి మాత్రం నాకిచ్చాడు.
"చెక్కలో తీసేస్తూ పోతే ఆకారం వస్తుంది.
ఇదేంటి నీవెస్,
ముందు ఆకారం చేసి తర్వాత పాతిపెట్టారు!"

నిజమే. అక్కరలేనిదాన్ని
పాచికలంత గళ్ళుగా కోసి వదిలేస్తుంది లేజర్.
ఒక్కొక్కటీ పీకాలి నేను.
బయటివి తాలులా రాలిపోతాయి,
మూలల్లోవి పట్టు వదలవు.
వంపు తిరిగే గొట్టంలో, వేలు దూరని చోట,
పళ్ళ డాక్టరుని అడిగి తెచ్చుకున్న కొక్కెంతో
గంటకి పిడికెడు.
కట్టడానికి పదకొండు, విప్పడానికి పద్నాలుగు.
ఇంజనీరు లెక్కలో రెండోది ఉండదు.

మంగళవారం ఒక రెక్క విరిగింది.
రెండు మిల్లీమీటర్ల పలచన.
చెత్తా సరుకూ ఒకే కాగితం, ఒకే జిగురు,
ఉలికేం తెలుసు?
ఎవరూ తిట్టలేదు. అదే బాధ.

ఆ రాత్రి నక్షా మీద
విరిగిన చోట్లన్నీ ఎర్ర పెన్సిలుతో చుట్టాను,
పాతవీ, గుర్తున్నవన్నీ.
తెల్లారి ఇంజనీరు ముందు పరిచాను.
"అన్నిచోట్లా గళ్ళు ఒకేలా ఎందుకు?
బయట పిడికిలంతవి చాలు.
రెక్క పక్కన బియ్యపుగింజంత కొయ్యండి.
గొట్టంలో వంపు వెంబడి కొయ్యండి, అడ్డంగా కాదు.
హద్దు దగ్గర జిగురుని
ఇంకోసారి కాల్చి చంపేయండి."
ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.
చాలాసేపు తుడుచుకున్నాడు.

మూడు వారాలు. రెండు దిమ్మలు పాడు.
ఒకటి అంటుకుంది,
ఒకటి పొరలూడి పుస్తకంలా తెరుచుకుంది.
మూడోదాన్ని బల్ల మీద పెట్టి
ఉలి ముట్టకుండా అరచేత్తో చరిచాను.

బయటిదంతా జలజలా రాలింది.
గొట్టంలో ముక్కలు ఒకదాని వెనక ఒకటి
బడి వదిలిన పిల్లల్లా జారి వచ్చాయి.
అయిదు గంటలు. రెక్క నిలిచింది.

ఎర్మెతే వేలు పెట్టి లోపలి వంపు తడిమాడు,
చెక్కని తడిమినట్టే.
ఏమీ అనలేదు. ఉలి తిరిగి ఇమ్మన్నాడు.
ఇవ్వలేదు నేను.
మూలలో ఇంకా ఒక గడి ఉంది.