పుంజుల లెక్క

రైను నది ఒడ్డున, ఇటుకబట్టీల వెనక,
నేలలోకి దిగే ఆ గది గుమ్మం
నేను దాటలేదు.
ఆడవాళ్లు దాటకూడదట.
నా పుంజులు దాటాయి.

నూట పద్నాలుగు.
మూడూళ్లు తిరిగి కూడేసి ఇచ్చాను.
సుంకాల కాడి బానిస సెవ్రిల్లుస్ వచ్చి బేరమాడాడు:
పెట్టలొద్దు, అన్నీ పుంజులే కావాలి,
ఏడాదిలో అన్నిటికన్నా పొడుగైన పగటికి.
"ఎద్దును కోస్తారంటగా?" అన్నాను.
నవ్వలేదు. మెడ కింద చెమట తుడుచుకున్నాడు.

ఆ మెట్ల మీద ఎద్దు దిగదు, నాకు తెలుసు.
రాతిపని చేసే మా మరిది చెప్పాడు,
ఎద్దు గోడ మీదే ఉంటుంది.
దాని వీపున మోకాలు మోపి ఒక కుర్రాడు
బాకు దించుతూ, మొహం అటు తిప్పుకుంటాడట,
చెయ్యలేక చేస్తున్నట్టు.
తోక చివర గోధుమ కంకి మొలిచిందట.
ఎందుకో మా మరిదికీ తెలియదు. చెక్కమన్నారు, చెక్కాడు.

నా కొడుకు తస్గిల్లుస్ అక్కడ కాకి.
కొత్తగా చేరినవాణ్ణి అలాగే పిలుస్తారు.
ఇంట్లో తిన్న కంచం తియ్యనివాడు
అక్కడ ముక్కు తగిలించుకుని వడ్డిస్తాడు,
అంట్లు తోముతాడు.
అడిగితే పెదాల మీద వేలు.
ఏం దాస్తావురా,
నీ అంగీ ఉతికేది నేను.
ధూపం, దివిటీ మసి, నా కోడి కొవ్వు,
నీ రహస్యమంతా నా తొట్టిలో తెట్టు కడుతుంది.

ఆ రాత్రి గుమ్మం సందులోంచి పాట వచ్చింది.
పళ్లూడిన సిపాయిలు, సుంకంవాళ్లు, వాళ్లు పిండిన వర్తకులు,
పగలు ఒకరికొకరు దారి ఇవ్వనివాళ్లు
ఒక్క గొంతుతో.
నిజం చెప్పాలంటే కడుపు మండింది.
పాట బాగుంది.

తెల్లవారుజామున ఎముకలు గోతిలో పోసి
తాగిన కుండలు పగలగొట్టి పైన కప్పారు.
నేను ఖాళీ గంపల మధ్య కూర్చున్నాను.
మూడూళ్లలో ఒక్క కూత లేదు.
మన కోడి కూస్తేనే లోకానికి తెల్లారుతుందని
మా అవ్వ ఎంత నమ్మేదో!
నది మీద పొగమంచు కదల్లేదు.
కాసేపు, కాసేపే, నేనూ భయపడ్డాను.

వచ్చాడు.
ఎవరూ పిలవకుండానే, బట్టీల మీదుగా,
ఓటమి లేనివాడని రాత్రంతా లోపల ఎవర్ని పాడారో అతనే,
ముందు నా మోకాళ్ల మీదికి.
లోపలివాళ్లు ఇంకా లేవలేదు.

సెవ్రిల్లుస్
పదకొండు పుంజుల డబ్బు ఇంకా బాకీ.